వెర్నెల్ అత్త బీన్స్ కూర

వెర్నెల్ అత్త ఏం వండినా అందులో తియ్యటి గుమ్మడికాయ పడాల్సిందే. బీన్స్ కూరలో, మాంసం పులుసులో, ఆఖరికి కుక్క గిన్నెలో కూడా. అదీ ఉత్త గుమ్మడి గుజ్జు కాదు. 'పై' అనే తీపి రొట్టె చేసుకోవడానికని చక్కెర, దాల్చినచెక్క, లవంగాలు ముందే దట్టించి డబ్బాకెత్తిన రకం. ఆవిడ కుక్క ఎదురొస్తే బేకరీ ఎదురొచ్చినట్టుండేది.

ఊరి చుట్టూ గుమ్మడి తోటలు, ఊరి చివర ఆ గుమ్మడి గుజ్జుని డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ.

"ఇలాంటి ఊళ్లో పుట్టి సరైన డబ్బా కొనడం చేతకాదా అత్తా?" అని మేనల్లుడు గ్యారెట్ ఏడిపించేవాడు. "తినేది కూరో, కేకో తెలిసి చావట్లేదు."

"రెండూ ఒకే గిన్నెలో వచ్చాయి, లాభమేగా! నోరు మూసుకుని తిను."

ఆ ఏడు గ్యారెట్ కాలేజీ మధ్యలో వదిలేసి ఇంటికొచ్చాడు. తల్లి తిట్టలేదు. "థాంక్స్‌గివింగ్ పండగ విందుకి మీ నానమ్మ గుమ్మడి 'పై' నువ్వే చెయ్యి. మొదలుపెట్టింది ఒక్కటైనా పూర్తిచేస్తావేమో చూస్తాను" అంది. తిట్టినా అంత మండేది కాదు.

పండగ పొద్దున్న డబ్బా తెరిచి, నానమ్మ పద్ధతిలో చక్కెర, మసాలా పొడులు కలిపి, వేలితో తీసి నాకాడు. నాలుక ముడుచుకుపోయింది. డబ్బా తిప్పి చూస్తే అన్నీ ముందే కలిపిన రకం! కొట్లన్నీ మూత. తల్లి ముందు ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి?

ఎప్పుడూ గుమ్మడి డబ్బాలుండే ఇల్లు అదొక్కటే కదా అని, గిన్నె పట్టుకుని అత్త ఇంటికి పరిగెత్తాడు. వెనక గుమ్మం దగ్గర జనం! పాస్టరు గారు, డాక్టరు గారి భార్య, తల దించుకుని ఆ ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. అందరి చేతుల్లోనూ ఆ తప్పు డబ్బాలే. అత్త వాటిని పుచ్చుకుని, దాచి ఉంచిన ఉత్త గుమ్మడి డబ్బాలు అందిస్తోంది.

"వచ్చే ఏడు చూసి కొంటానమ్మా" అన్నారు పాస్టరు గారు.

"పోయినేడూ ఇదే అన్నారు. వెళ్లండి, అవెన్ కాగిపోతోంది."

ఆ ఇంట్లో ఏడాది పొడుగునా కూర ఎందుకు తియ్యగా ఉంటుందో గ్యారెట్‌కి అప్పుడు వెలిగింది. తన గిన్నె ముందుకు చాచాడు.

అత్త రుచి చూసి కళ్లు మూసుకుంది. "ఓరి దేవుడా! దీనికి కుక్క కూడా దండం పెడుతుంది."

"పారెయ్యత్తా. అమ్మకి మాత్రం చెప్పకు."

"గుమ్మడికాయ పారేస్తానట్రా? ఇక మీ అమ్మంటావా, పెళ్లైన మొదటి ఏడు ఇదే గుమ్మం ముందు ఏడుస్తూ నిలబడింది. ఇదిగో డబ్బా, పరిగెత్తు!"

విందులో తల్లి రెండో ముక్క వేసుకుంది. "పూర్తిచేశావురా" అంది.

మర్నాడు గ్యారెట్ పిలవకుండానే అత్త బల్ల దగ్గర కూర్చున్నాడు. బీన్స్ కూర పొగలు కక్కుతూ వచ్చింది.

"నీ గిన్నెలోదే వేశాను. ఎలా ఉంది?"

"ఘోరంగా ఉందత్తా" అని కంచం ముందుకు జరిపాడు. "ఇంకో గరిటె వెయ్యి."