ఆగని బ్యాటరీ కోసం ఫిల్మ్ నగర్ వెళ్ళిన రోజు

ముందు నా భయం సంగతి చెప్పేస్తాను. లేకపోతే ఒక బ్యాటరీ కొనడానికి ఇంత గొడవ ఎందుకో మీకు అర్థం కాదు. మా ఆయన రవీందర్‌కి నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉంది. ముక్కుకి మాస్కు తగిలించుకుని, గాలి పంపే చిన్న మిషన్ ఆన్ చేసుకుని పడుకుంటేనే తెల్లవార్లూ సాఫీగా ఊపిరి ఆడుతుంది. పోయిన చలికాలం మా క్యాంపర్ వ్యాన్‌లో అరకు వైపు వెళ్ళినప్పుడు, అందులోని పాత ఇన్వర్టర్ బ్యాటరీ తెల్లవారుజామున చేతులెత్తేసింది. మిషన్ ఆగింది. నాకు మెలకువ వచ్చేసరికి ఆయనది గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు గురక, తర్వాత నిశ్శబ్దం, మళ్ళీ గురక. కుదిపి లేపితే లేచి కూర్చుని, ఏమీ జరగనట్టు "ఏమైంది?" అన్నారు. నాకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క రాత్రి మిషన్ లేకపోతే ప్రాణం మీదికేం రాదని తర్వాత డాక్టరు చెప్పారు. చెప్పారు సరే, ఆ నిశ్శబ్దం విన్నది నేను కదా! ఆయనకేమో మళ్ళీ వెళ్ళాలని ఒకటే ఉబలాటం. మధ్యలో ఆగని మంచి లిథియం బ్యాటరీ వేయిస్తేనే వ్యాన్ గేటు దాటుతుందని షరతు పెట్టాను.

మేముండేది మియాపూర్‌లో. ఆదివారం పొద్దున్నే ఏడింటికి బయల్దేరి, మాదాపూర్ మీదుగా జూబ్లీహిల్స్ చేరాం. వ్యాన్‌తో వెళ్ళేవాళ్ళు ఆదివారమే వెళ్ళండి. మామూలు రోజుల్లో చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్లోనే ఒళ్ళు పులిసిపోతుంది. షాపులు పదింటికి గానీ తెరవరని టిఫిన్‌కి, సినిమా పనివాళ్ళు ఎక్కువగా ఉండే కృష్ణానగర్ వైపు తిప్పాం. అదే పొరపాటు. ఆ సందుల్లో రెండు ఆటోలు ఎదురైతేనే కష్టం, మా బండి వెళ్ళి వాటి మధ్య ఇరుక్కుంది. ఇడ్లీ బండి ఆవిడ కూర్చున్న చోటి నుంచే "షూటింగా అక్కా? హీరో ఎవరు?" అని అడిగింది. మా ఆయన తల బయటపెట్టి "నేనే" అన్నారు. ఆవిడ పగలబడి నవ్వి చట్నీ ఇంకాస్త వేసింది. ఆ రోజు నేను నవ్వింది ఆ ఒక్కసారే.

జూబ్లీహిల్స్‌లో మెయిన్ రోడ్డు మీద బ్యాటరీలమ్మే అద్దాల షోరూమ్ ఒకటి చూసుకుని వెళ్ళాం. లోపల ఏసీ, కాఫీ, మర్యాదలు అన్నీ బ్రహ్మాండం. సేల్స్ అబ్బాయి ఒక నల్లటి పెట్టె చూపించి, ఒక్క చేత్తో ఎత్తి, "చూడండి మేడమ్, ఎంత లైట్ వెయిటో!" అన్నాడు. నేను అడగాల్సినవి ముందే నేర్చుకుని వెళ్ళాను. లిథియంలో ఒకే రకం ఉండదు. ఫోన్లలో, చాలా స్కూటర్లలో ఉండేది తేలిక రకం. వేడెక్కితే తొందరగా అంటుకునేది కూడా అదే. ఐరన్ ఫాస్ఫేట్ రకం కాస్త బరువు, కానీ వేడికి ఓర్చుకుంటుంది. మనుషులు పడుకునే బండికి రెండోదే వేయించుకోవాలి. "ఇది ఏ రకం బాబూ?" అని అడిగాను. "లిథియం అంటే లిథియమే మేడమ్, డిఫరెన్స్ ఏం ఉండదండీ. మూడేళ్ళ వారంటీ కూడా ఉంది" అన్నాడు. మా వీధిలో ఛార్జింగ్‌కి పెట్టిన స్కూటర్ ఒకటి నా కళ్ళ ముందే తగలబడింది. నీళ్ళు పోస్తున్నా ఆగలేదు. ఆ మంట గుర్తొచ్చింది. కాఫీ సగంలో వదిలేసి లేచొచ్చాం.

అక్కడి నుంచి ఫిల్మ్ నగర్ ఎంతో దూరం లేదు. సినిమావాళ్ళ కారవాన్లు, అంటే షూటింగుల్లో నటులు మేకప్ వేసుకుని సేదతీరే బండ్లు, రిపేరు చేసే షెడ్డు ఒకటి అక్కడ ఉందని తెలిసినవాళ్ళు చెప్పారు. షెడ్డు యజమాని పేరు యాదగిరి. యాభై దాటిన మనిషి, మాటలో చేతిలో చురుకు. బండి చూడగానే "ఏంది మేడం, కొత్త కారవానా?" అన్నాడు. కాదు, మేమిద్దరం తిరగడానికని చెప్పి, మిషన్ సంగతంతా ఏకరువు పెట్టాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీయే తీసి, పెట్టె మీద రాసింది చూపించాడు. వంద ఆంపియర్ అవర్లది, నలభై వేలకు అటూ ఇటూ అవుతుంది. మిషన్‌లో నీళ్ళు వేడిచేసే భాగం ఆపేసి, ఇన్వర్టర్ లేకుండా నేరుగా పన్నెండు వోల్టుల వైరుతో నడిపితే రెండు రాత్రులు నిక్షేపంగా వస్తుందని లెక్క చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మంచం కింద, మిషన్ పెట్టే షెల్ఫుకు దగ్గరగా ఉంటుందని, కిటికీ వైపు జాగా నేనే చూపించాను.

"మధ్యలో ఆగిపోదు కదా యాదగిరి గారూ?" అని మళ్ళీ అడిగాను. ఎన్నోసారో నాకే తెలీదు.

"గా ఫికర్ మీకెందుకు మేడం! ప్రతి లిథియం బ్యాటరీల కాపలా బోర్డు ఒకటుంటది. జర వేడెక్కినా, ఛార్జింగ్ ఎక్కువైనా, తక్కువైనా కరెంటు బంద్ చేస్తది. షూటింగుల గట్ల అయితే నడువది. హీరోయిన్ మేకప్ వేస్కుంటుంటే అద్దం లైట్లు పొయినయనుకో, మేనేజర్ నా గల్లా పట్టుకుంటడు. గందుకే నేను పెట్టే ప్రతి బండికి డైరెక్ట్ స్విచ్ పెడ్త. అది ఏస్తే బోర్డుతోని పని లేదు. చస్తే ఆగదు."

చూశారా, నేను దేవుణ్ణి అడిగింది అదే! "అయితే పెట్టేయండి" అన్నాను వెంటనే. మా ఆయన మాత్రం గడ్డం గోక్కుంటూ "కాపలా తీసేసుడు మంచిదేనానే?" అన్నారు. ఆయనది వరంగల్, నాది గుంటూరు. మా ఇంట్లో ఏ వాదనలోనైనా గొంతు నాదే పెద్దది. "మీరూరుకోండి, ఊపిరాగేది మీకు, గుండాగేది నాకు" అని నోరు మూయించాను.

మధ్యాహ్నానికి బిగించడం అయిపోయింది. డైరెక్ట్ స్విచ్ వేసి, షెడ్డులోని పెద్ద ఛార్జర్ తగిలించి, "ఫుల్ చేసిస్త, గీలోపు సారును పండుకోమను, మిషన్ ఎట్ల నడుస్తదో చూస్కోండి" అని యాదగిరి పక్కనున్న కారవాన్ కిందికి దూరాడు. మా ఆయనకు పడుకోమంటే చాలు. తలుపు వైపు తన చోట్లో ఒరిగి, మాస్కు పెట్టుకుని, నిమిషాల్లో నిద్రలోకి జారుకున్నారు. నేను కిటికీ వైపు నా చోట్లో కూర్చుని మిషన్ చప్పుడు వింటున్నాను. ఎంత హాయిగా ఉందో! ఊపిరి లోపలికి, బయటికి, ఒక్క తప్పు లేదు.

కాసేపటికి పరుపు కింద వెచ్చగా అనిపించింది. రేకుల షెడ్డు, ఎండాకాలం, అందుకే అనుకున్నాను. ఇంకాసేపటికి కాలు పెట్టలేనంత అయింది. పరుపు ఎత్తి ప్లైవుడ్ మీద అరచెయ్యి పెట్టాను. పెనం మీద పెట్టినట్టు చురుక్కుమంది. దాంతోపాటు ఏదో తియ్యటి మందువాసన. "ఏవండీ!" అని అరుద్దామంటే నోట మాట రాలేదు. ఆయనకేమో మిషన్ హోరులో ఏమీ వినపడదు. మాస్కు పట్టీ వేళ్ళకు చిక్కడం లేదు. లాగి పీకేసి, భుజం మీద గట్టిగా చరిచాను. ఆయన కళ్ళు తెరిచి, నా మొహం చూసి, ఒక్క మాట అడక్కుండా తలుపు లాగి నన్ను ముందు బయటికి తోశారు. తర్వాత ఆయన దూకారు. అప్పుడొచ్చింది నాకు గొంతు. ఆ కేకకు యాదగిరి పరుగున వచ్చి, ఛార్జర్ పీకి, స్విచ్ కట్టేసి, బ్యాటరీని ఇనప బండి మీద బయట ఇసకలోకి తోసుకెళ్ళాడు. మంట రాలేదు. కానీ పెట్టె ఒక పక్క పొట్ట ఉబ్బి ఉంది. నిండాక కూడా ఛార్జింగ్ ఎక్కుతూనే ఉందన్నమాట. ఆపాల్సిన బోర్డును మేమే పక్కన పెట్టించాం మరి.

యాదగిరి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇన్నేండ్ల సంది గిట్లనే పెడుతున్న మేడం, ఒక్కటి గిట్ల కాలే" అన్నాడు.

"షూటింగులో మీ బండి దగ్గర ఎవరుంటారు?" అని అడిగాను.

"జనరేటర్ మనిషి ఉంటడు, డ్రైవర్ ఉంటడు, అసిస్టెంట్లు ఉంటరు. జర వాసనొచ్చినా ఎవడో ఒకడు స్విచ్ తీస్తడు. పొద్దందాక మనుషులే కద." అని ఆగాడు. తర్వాత మెల్లగా, "బండిల రాత్రి ఎవరూ పండుకోరు మేడం" అన్నాడు.

అడవిలో మా బండి చుట్టూ ఎవరుంటారు? నేనుంటాను, అదీ నిద్రలో. అప్పటిదాకా నా భయమంతా మిషన్ ఆగిపోతుందనే. ఆగాల్సినప్పుడు బ్యాటరీ ఆగకపోవడం అంతకంటే ఘోరమని అప్పుడే తెలిసింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేశాను, ఎవరు చూస్తే నాకేంటి. ఇక ఈ బండీ వద్దు, ప్రయాణాలూ వద్దు, ఇంటికి పదండి అన్నాను.

మా ఆయన అవేమీ విననట్టు బండి లోపలికే చూస్తున్నారు. "మిషన్ ఆగితే నేను లేస్త. మొన్న అరకు పోయినప్పుడు లేవలేదా, నువ్వు లేపితివి" అన్నారు. "గా పెట్టె నీ పక్క కింద ఉన్నది. నువ్వు కిటికీ దిక్కు. తలుపుకు అడ్డం నేను, నా మీద గొట్టం, పట్టీలు. ముందు కాలేది నువ్వే. గది చూసినవా?"

చూడలేదు. ఒట్టు, ఒక్కసారి కూడా చూడలేదు. ఆ జాగా చూపించింది నేనే, అయినా అక్కడ పడుకునేది నేనని తట్టనే లేదు.

తర్వాత పనంతా ఆయన దగ్గరుండి చేయించారు. ఇంకో బ్యాటరీ వచ్చింది, డైరెక్ట్ స్విచ్ లేకుండా. దాన్ని మంచం కింద కాకుండా, మేం దిగే పక్క తలుపుకు దూరంగా, బండి వెనక తలుపు దగ్గర, బయటికి గాలాడే ఇనప పెట్టెలో బిగించారు. పక్కనే ఫ్యూజు. ఛార్జరు కూడా ఆ రకం బ్యాటరీకి సరిపోయేదే పెట్టించాం. కరెంటు ఆగగానే మోగే అలారం ఒకటి నా తల దగ్గర. పడుకునే చోట్లు కూడా మార్చేశారు: తలుపు వైపు నేను, కిటికీ వైపు ఆయన. వద్దని ఎంత మొత్తుకున్నా ఈసారి నా గొంతు పెద్దది కాలేదు. సాయంత్రం యాదగిరి కావాలనే కరెంటు తీసి చూపించాడు. అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది, మాస్కు పెట్టుకుని మళ్ళీ కునుకు తీస్తున్న మా ఆయన ఉలిక్కిపడి లేచారు. "ఇగ మిగిలిన బండ్లల్ల కూడ గా స్విచ్‌లు పీకేస్త" అన్నాడు యాదగిరి. పీకేశాడని కోరుకుంటున్నాను. ఆ కారవాన్లలో ఎవరైనా అలసిపోయి కునుకు తీయకుండా ఉంటారా?

భయం పోయిందా అంటే, నా మొహం, ఎక్కడికి పోతుంది? ఇప్పటికీ వ్యాన్ ఎక్కగానే ముందు చెయ్యి పెట్టి చూసేది పరుపు కిందే. కానీ మేం మళ్ళీ బయల్దేరుతున్నాం, వచ్చే నెల శ్రీశైలం వైపు. బ్యాటరీ ఏదో ఒక రాత్రి ఆగుతుంది, అలారం మోగుతుంది, నేను లేచి ఆయన్ని లేపుతాను. అంతే కదా, ఇంట్లో కరెంటు పోయినప్పుడు చేస్తున్నదీ అదే. ఇన్నాళ్ళూ మా ఇద్దరిలో కాపలా కాసేది నేనొక్కదాన్నే అనుకున్నాను.

మీరూ వ్యాన్‌లో బ్యాటరీ వేయించబోతుంటే ఒక్క మాట. డబ్బు చేతిలో పెట్టేముందు, పట్టపగలు, ఎవరి చోట్లో వాళ్ళు పడుకుని చూడండి. తలుపుకు దూరంగా ఉన్నది ఎవరో చూసుకోండి. బ్యాటరీని వాళ్ళ కింద మాత్రం పెట్టించకండి.