మేస్త్రీ గోడ దగ్గర ఆగిన భూమి

ఇల్లు కట్టుకోవాలని ఎవరైనా వస్తే ఆ మేస్త్రీ తన గొప్పలు తాను చెప్పుకునేవాడు కాదు. వచ్చినవాణ్ణి తన సొంత ఇంటి పక్కగోడ చివర నిలబెట్టి, "ఒక కన్ను మూసి చూడండి" అనేవాడు. గోడ దారం లాగి కట్టినట్టు ఈ చివర నుంచి ఆ చివరకి పోయేది.

"పగులు కనబడిందా?"

"లేదండీ."

"కనబడదు."

అంతటితో పని ఖాయమయ్యేది.

మనిషి మంచివాడే. గోడల విషయంలోనే నోరు మంచిది కాదు. ఎవరి ఇంట్లోనైనా గోడ బీటలు వారితే దాని ముందు కాసేపు నిలబడి, "ఎవడు కట్టాడు?" అని అడిగి, పేరు చెప్పగానే "ఊఁ" అని వెళ్ళిపోయేవాడు. ఆ ఊఁకారం దెబ్బకి ఊళ్ళో ఇద్దరు మేస్త్రీలు తాపీ పక్కన పడేసి టైల్స్ అమ్ముకోవడానికి వెళ్ళారని చెప్పుకుంటారు. అది అబద్ధం కావచ్చు. ఒకడైతే వెళ్ళాడు.

అలాంటి మనిషి సొంత ఇల్లు, కట్టిన రెండో ఏడే పగిలింది.

పడకగదిలో బీరువా వెనకాల, వెంట్రుకవాసి మందాన ఒక గీత. ఇలాంటివాటికి మేస్త్రీలకి ఒక పద్ధతి ఉంది. పగులుకి అడ్డంగా సన్నటి అద్దం ముక్క పెట్టి, రెండు చివర్లూ సిమెంటుతో అతికిస్తారు. అద్దం నిలిస్తే పగులు చచ్చినట్టు, విరిగితే బతికున్నట్టు. మేస్త్రీ అద్దం అతికించి, బీరువా మళ్ళీ గోడకి నెట్టి, చలికాలమంతా ఆ వైపు చూడలేదు. ఎండాకాలంలో చూస్తే అద్దం విరిగి ఉంది. ఒక ముక్క కాస్త పక్కకి జరిగి కూడా ఉంది. బయట పక్కగోడ మీదా అదే వరసలో ఇంకో గీత పడింది.

ముందు ఇసకని తిట్టాడు. తర్వాత ఇటుకబట్టీ వాణ్ణి తిట్టాడు. ఆ తర్వాత పునాదులప్పుడు నీళ్ళు మోసిన బావమరిదిని తిట్టాడు. ఎందుకు తిట్లు తిన్నాడో తెలియని బావమరిది ఆ ఏడంతా వాళ్ళ గడప తొక్కలేదు. తిట్టడానికి ఇంకెవరూ మిగలక, తప్పు తనదేనని తేల్చుకున్నాడు. తన పెళ్ళికి ముందే ఇల్లు అయిపోవాలని తొందరపడ్డాడు, పునాది లోతు చాలలేదు. ఈ సంగతి బయటపడితే ఇన్నాళ్ళూ తను జనం గోడల మీద విసిరిన ఊఁకారాలన్నీ తిరిగొచ్చి తన గోడ మీద పడతాయి.

అందుకని ఏటా ఎండాకాలంలో ఒక వారం భార్యని వాళ్ళక్క ఇంటికి పంపేవాడు.

"మీరూ రావచ్చుగా" అనేది ఆమె.

"నాకు పనుంది."

ఆ వారంలో పగులు పూడ్చేవాడు. గోడ పగలడమొక్కటే అయితే పూడిస్తే సరిపోయేది. ఆ గోడ పగులుకి అటు భాగం ఏడాదికేడాది పక్కకి జరుగుతోంది కూడా. ఆ తేడా కంటికి ఆనకుండా గోడ పొడవునా పూత మందాన్ని ఇక్కడ కొంచెం పెంచి, అక్కడ కొంచెం తగ్గించి, అంతా ఒక్క సాపుగా తెచ్చి, పైన కొత్త రంగు వేసేవాడు. ఊళ్ళో ఆయన చేసిన పనులన్నిటిలోకీ గొప్ప పని అదే. ఎవరికీ చూపించుకోలేకపోయాడు, పాపం. భార్య తిరిగొచ్చి రంగు వాసన పీల్చి, ఆయన మొహం చూసి, ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళేది.

ఇలా పిల్లలు పెద్దయ్యేదాకా నడిచింది.

ఒక ఏడు ఊళ్ళో రెండుమూడుసార్లు భూమి సన్నగా కంపించింది. వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. దాని సంగతి చూడ్డానికి భూగర్భ శాఖ నుంచి ఒకావిడ వచ్చింది. చిన్న సుత్తి పట్టుకుని, కనబడిన రాయినల్లా కొట్టి, ముక్కని కళ్ళజోడు దగ్గర పెట్టుకుని చూసి, సంచిలో వేసుకునేది. వీధివాళ్ళు ఆమెకి రాళ్ళమ్మ అని పేరు పెట్టారు. ఆమెకీ తెలిసింది. పలికేది కూడా.

రాళ్ళమ్మ రాళ్ళకంటే ఎక్కువగా వీధి అంచులు చూసింది. కాలిబాట పక్కన పాతిన రాళ్ళ వరస ఒకచోట బెత్తెడు పక్కకి తప్పుకుంది. మురికికాలవ గోడ ఆ వరసలోనే వంకర పోయింది. దర్జీ ఇంటి ప్రహరీ కూడా అక్కడే రెండుగా విడిపోయి, అటు ముక్క కుడివైపుకి జరిగింది. దర్జీ ఆ ప్రహరీ గురించి మేస్త్రీ చేత చాలాసార్లు ఊఁ అనిపించుకున్నవాడు.

"దీని కింద భూమి రెండు ముక్కలుగా ఉందండీ" అంది రాళ్ళమ్మ. "ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జరుగుతున్నాయి. భ్రంశం అంటాం. కొన్నిచోట్ల ముక్కలు బిగుసుకుపోయి, ఎప్పుడో ఒక్కసారిగా తెంచుకుంటాయి. పెద్ద భూకంపాలు అలాగే వస్తాయి. ఇక్కడ మెల్లగా పాకుతున్నాయి. మీ గోళ్ళు ఇంతకంటే వేగంగా పెరుగుతాయి."

"అంటే నా గోడ తప్పేం లేదు" అన్నాడు దర్జీ.

"ఏం లేదు."

దర్జీ ఆ మధ్యాహ్నం కొట్టు మూసేసి వీధి వీధంతా తిరిగి ఆ మాట చెప్పాడు.

మేస్త్రీ తన గుమ్మంలో నిలబడి విన్నాడు. తన పునాది తప్పు కాదు, చేయి తప్పు కాదు. భూమి జరిగింది. వెళ్ళి దర్జీని కౌగలించుకోవాలనిపించింది. ఆ వెంటనే పక్కగోడ కనబడింది. దాన్ని చూపించి ఎంతమందికి ఇళ్ళు కట్టాడో గుర్తొచ్చింది. తను చేతకానివాడు కాడని ఈ పూట తేలింది. అబద్ధాలకోరని తేలడమే మిగిలింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా తలుపేసుకున్నాడు.

రాళ్ళమ్మ చీలిక వెంట నడుస్తూ నడుస్తూ మేస్త్రీ పక్కగోడ దగ్గరికొచ్చి ఆగింది. ఒక కన్ను మూసి చూసింది. రెండో కన్ను మూసి చూసింది. దారం పట్టి చూసింది. గోడ ఎక్కడా తప్పలేదు. అవతల అంతా ఖాళీ స్థలం, చూడ్డానికి అంచూ లేదు, గోడా లేదు. తవ్వి చూద్దామంటే పైనుంచి తొందర పెడుతున్నారు. పటంలో దర్జీ ఇంటి మీదుగా ఎర్రగీత గీసుకొచ్చి, మేస్త్రీ గోడ దగ్గర ఆపేసింది. భ్రంశం ఇక్కడితో సరి.

పైవాళ్ళ తొందర ఆ ఖాళీ స్థలం గురించే. అందులో పిల్లల బడి కట్టాలి. గీత అక్కడిదాకా రాలేదు కనక కట్టుకోవచ్చన్నారు. ఈ వీధిలో పగులు లేని ఇల్లు ఒక్కటే ఉంది కనక, కట్టే పని మేస్త్రీకే ఇవ్వాలని ఇంజనీరు తీర్మానించాడు. మేస్త్రీ జీవితంలో అంత పెద్ద పని ఎప్పుడూ రాలేదు.

ఆయన రాళ్ళమ్మని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆమె కాలవ గట్టు మీద కూర్చుని రాళ్ళకి చీటీలు అంటిస్తోంది.

"ఇది ఎప్పటినుంచి జరుగుతోందమ్మా?"

ఆమె ఊరి వెనక కొండని చూపించింది. "ఈ కొండా, ఏటికి అవతల దూరంగా కనబడే ఆ కొండా ఒకప్పుడు ఒకటే. రాయి చూస్తే తెలుస్తుంది. ఆ రాయి సముద్రం అడుగున బురదగా పేరుకున్ననాటికి నేల మీద నడిచే జీవి ఒక్కటీ లేదు. అది గట్టిపడి, పైకి లేచి, కొండై, తర్వాత రెండుగా చీలింది. మనుషులు పుట్టకముందు నుంచీ జరిగి జరిగి అంత దూరం పోయాయి."

"కొండల్ని విడదీసింది నా ఇంటి దగ్గరికొచ్చి ఆగిందా?"

"ఎక్కడో ఒకచోట ఆగాలి కదండీ. మీ గోడే చెబుతోంది."

"ఆగకపోతే? బడి కిందకి పోతే?"

"ఏటా కొంచెం కొంచెం చీల్చేస్తుంది. ఏదో ఒకనాడు గట్టిగా కదిలితే, చీలిన గోడలు పిల్లల మీద పడతాయి" అని, మళ్ళీ చీటీ అంటించడంలో పడింది.

మేస్త్రీ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేశాడు.

"ఏమైందండీ?"

"పక్కగోడ పగలగొట్టాలి" అన్నాడు. ఇక దాచడం చేతకాక మొత్తం చెప్పేశాడు.

ఆమె అంతా విని, ఆఖర్న ఒక్కటే అడిగింది. "నన్ను ఏటా అక్క ఇంటికి పంపింది ఇందుకా?"

"ఇందుకే."

"నేను ఎవరో ఉందనుకున్నాను."

"ఎవరు?"

"ఎవరో. రంగు వాసన ఇష్టమున్న మనిషి."

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అన్నేళ్ళ దిగులు ఒక్కసారి ఒత్తుకుంటే పోయేది కాదు. ఆమెకి కోపంగానూ ఉంది, ప్రాణం లేచొచ్చినట్టుగానూ ఉంది. లోపలికి వెళ్ళి పెద్ద సుత్తి తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ముందు అన్నం తినండి" అంది.

బడికి ముగ్గు పోసి కొలతలు వేసే రోజున ఇంజనీరు, రాళ్ళమ్మ, వీధిలో సగం జనం ఖాళీ స్థలంలో ఉన్నారు. మేస్త్రీ సుత్తి పట్టుకొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా తన పక్కగోడని కొట్టాడు. పూత పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. మేస్త్రీకి మతి పోయిందని దర్జీ గట్టిగానే అన్నాడు.

రాళ్ళమ్మ వచ్చి గోడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తెగిన పూతలో పొర మీద పొర, రంగు మీద రంగు కనబడుతున్నాయి. అడుగున ఉన్న తెల్ల పొర పగులు దగ్గర బెత్తెడు తప్పింది. దాని మీది నీలం అంతకంటే తక్కువ తప్పింది. దానిపైన పసుపు ఇంకా తక్కువ. అన్నిటికంటే పైదానికి ఉండీ లేనట్టు ఒక గీత.

"పాత పొర ఎక్కువ జరిగింది, కొత్త పొర తక్కువ జరిగింది" అంది ఆమె. "మేం ఇది చూడ్డానికి నేల తవ్వుకుంటూ పోతాం. మీరు గోడలో దాచిపెట్టారు." ఆమె గొంతులో సంతోషం ఉంది. ఆ సంతోషం తర్వాత సిగ్గు వచ్చింది. "నేను మీ గోడని నమ్మి పటం గీశానండీ."

"అందరూ నమ్మారమ్మా" అన్నాడు మేస్త్రీ.

ఆమె ఎర్రగీతని ఖాళీ స్థలం మీదుగా అవతలికి లాగింది.

బడి ఊరికి ఇంకో చివర కట్టారు. టైల్స్ అమ్ముకోవడానికి వెళ్ళినవాడే వచ్చి కట్టాడు. మేస్త్రీకి కడుపు మండింది, కానీ బాగానే కట్టాడని ఒప్పుకున్నాడు. కొన్నాళ్ళు ఆయన్ని పనికి ఎవరూ పిలవలేదు. ఈలోగా ఊళ్ళో మిగతా మేస్త్రీలందరికీ భూమి పనికొచ్చింది. గోడ పగిలినా, మెట్టు కుంగినా, తలుపు పట్టేసినా "భూమి జరిగిందండీ" అనేవాళ్ళు. చీలిక ఉన్న వీధికి ఆమడ దూరంలో కూడా భూమి వాళ్ళ కోసం జరిగేది. ఆ మాట వింటే మేస్త్రీకి ఒళ్ళు మండిపోయేది.

తర్వాత ఒక రిటైరైన నర్సు ఆయన్ని పిలిచింది. పోయిన ఎండాకాలం ఆయనే కట్టిన వంటింటి గోడ మీద సన్నటి బీటలు సాలెగూడులా అల్లుకున్నాయి.

"మిమ్మల్ని అనడం లేదు లెండి" అంది ఆవిడ, ఆయన మొహం చూసి. "భూమి జరిగితే మీరు మాత్రం ఏం చేస్తారు."

మేస్త్రీ గోడ మీద అరచెయ్యి పెట్టి కింద దాకా తడిమాడు. చాలాసేపు తడిమాడు. ఆవిడ చెప్పిన మాటకి తలూపి, పూత పూసి వెళ్ళిపోతే సరిపోయేది.

"భూమి ఇటు రాలేదమ్మా" అన్నాడు. "పూతకి నేను నీళ్ళు సరిగ్గా పట్టించలేదు. ఎండకి ఇట్టే ఆరిపోయింది. ఇది నా తప్పు."

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం ఆయనకి అదే మొదలు. ఆవిడకి ఆయన మీద జాలేసింది.

"పోన్లెండి. నేను ఎవరికీ చెప్పను."

"చెప్పండి" అన్నాడు మేస్త్రీ. "ఎవరైనా వస్తే చూపించండి కూడా."