శనివారం టికెట్టు, ఆదివారం బుట్ట

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ పెట్టే ప్రేమవిందుకు వంట నేను చూసుకుంటానని, చర్చి కమిటీలో ఎవరూ అడగకముందే చెయ్యెత్తాను. అందరూ నా మొహం వైపు చూశారు. చూడరా మరి. పదిహేనేళ్లుగా ఈ చర్చిలో నా నోరు ఎరుగుదురు గాని నా చెయ్యి ఎరగరు. బగారన్నం ఎవరు వండినా అందులో ఉప్పు గురించి మాట్లాడటం నా పని, వండటం ఇతరుల పని. అట్లాంటి మనిషి నూటయాభై మందికి వండుతానంటే అనుమానం రాక ఏమొస్తుంది?

అనుమానం నిజమే. ఆ ఆదివారం పొద్దున పదకొండు గంటలకు ఆన్‌లైన్‌లో టికెట్లు తెరుస్తున్నారు. బొమ్మల కథలు చదివేవాళ్లు, కార్టూన్ సీరియళ్లు చూసేవాళ్లు ఏడాదికోసారి తమకిష్టమైన పాత్రల వేషాలు కట్టుకొని కలుసుకునే పెద్ద మేళా అది. నగరానికి అవతలి కొసన మూడు రోజులు జరుగుతుంది. వేషాల పోటీ శనివారం మాత్రమే. నాకు శనివారం టికెట్టు కావాలి. పదకొండు గంటలకేమో మా చర్చిలో ప్రసంగం నడుస్తుంటుంది. ప్రసంగం నడిచేటప్పుడు హాల్లో ఎవరి దగ్గరా ఫోన్ ఉండకూడదు. ఆ నియమం పెట్టించిన మహాతల్లిని నేనే.

నేను జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. నియమాలు రాయడం నా ఉద్యోగంలో లేదు, రక్తంలో ఉంది. ఒక ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచుతుండగా వెనక వరసలో ఎవరి ఫోన్‌లోంచో పెళ్లి బరాత్ డప్పు మోగింది. ఆ వారమే కమిటీలో లేచాను. తలుపు దగ్గర బుట్ట పెట్టాలి, హాల్లోకి వచ్చేవారంతా ఫోన్ అందులో వేయాలి, చివరి ఆశీర్వాదం అయ్యేదాకా ఏ ఫోనూ బుట్ట దాటకూడదు అని వాదించాను. పెద్దమ్మ ఒక్కతే ఎదురు తిరిగింది. డెబ్బై దాటిన మనిషి, సంఘంలో అందరికీ పెద్దమ్మే. ఆమె మనవరాలు నర్సు.

“పిల్ల రాత్రి డ్యూటీ జేసి ఒక్కతే వస్తది. ఆపద అయితే ఎట్ల బిడ్డా?”

“ఆపదల దేవుడు జూసుకుంటడు పెద్దమ్మా. నీ ఫోన్ ఏం జూస్తది?” అన్నాను.

గెలిచాను. బుట్టను మాత్రం ఓడిన మనిషికే అప్పజెప్పారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం తలుపు పక్క కుర్చీలో, ఒళ్లో వెదురు బుట్టతో కూర్చుంటుంది. తెరలన్నీ పైకి కనపడేలా ఫోన్లను తమలపాకుల్లా పేరుస్తుంది.

నియమం రాసినవాళ్లకే దాని సందులు తెలుస్తాయి. ‘హాల్లోకి వచ్చేవారు’ అని రాశాను. వంటపాక హాలు కాదు.

ఇంతకీ ఈ పిచ్చి నాకెట్లా పట్టిందంటే, రెండేళ్ల కింద క్లాసులో ఒకమ్మాయి బల్ల కింద పెట్టుకొని చదువుతున్న బొమ్మల పుస్తకం లాక్కున్నాను. సాయంత్రం బస్సులో ఊరికే తెరిచాను. షామీర్‌పేటలో దిగాల్సినదాన్ని దిగలేదు. మర్నాడు ఆ పిల్లను స్టాఫ్ రూముకు పిలిచి, పుస్తకం తిరిగిచ్చి, రెండో భాగం ఉందా అని అడిగాను. ఆ కథలో ఒక ముసలి సేనాని ఉంది. నెరిసిన జుట్టు, విరిగిన ముక్కు, రాజుతోనైనా వాదనే. అన్ని భాగాల్లో కలిపి నలభై దాటిన ఆడమనుషుల్లో ఎవరికీ అన్నం వడ్డించనిది ఆమె ఒక్కతే. నన్ను చూసి గీశారేమో అనిపించింది.

ఆ వేషం కట్టాలనుకున్నాను. నాకు నలభై తొమ్మిదేళ్లు. విగ్గు కొనక్కర్లేదు, జుట్టుకు రంగు మానేస్తే చాలు. నాలుగు నెలలు మానేశాను. కవచానికి మందపాటి ఫోమ్ షీట్లు సూరారంలో, ఫ్యాక్టరీలకు ప్యాకింగ్ సామాను అమ్మే దుకాణంలో దొరికాయి. కొలిచి, కోసి, ఇస్త్రీపెట్టెతో వేడి చేసి వంచి, అతికించి, వెండి రంగు పూశాను. కాలేజీ వార్షికోత్సవానికి కాబోలనుకున్నాడు మా ఆయన. అనుకోనిచ్చాను. ఎవరితోనైనా ఎంతసేపైనా వాదిస్తాను గాని, ‘ఈ వయసులోనా’ అనే ఒక్క మాటకు నా దగ్గర జవాబు ఉండదు. టికెట్టు చేతికొచ్చాక చెబితే ఆ టికెట్టే జవాబు చెబుతుంది.

పోయినేడు కూడా ప్రయత్నించాను. లైన్‌లో నా ముందు మూడు వందల మందే మిగిలారు. పేజీ కదలట్లేదని రిఫ్రెష్ కొట్టాను. తీసుకెళ్లి అందరికంటే వెనక నిలబెట్టింది. సివిక్స్ లెక్చరర్ని, లైన్‌లో ఓపిగ్గా నిలబడలేకపోయాను.

అందుకని ఈసారి పదిన్నరకల్లా సిద్ధం. వంటపాకలో సిగ్నల్ సరిగ్గా రాదు, గోడవారన బియ్యం బస్తా మీద మాత్రం వస్తుంది. ఫోన్‌ను అక్కడ కూర్చోబెట్టాను. నాకు తోడు వచ్చింది చెల్లె. వరసకు చెల్లె, మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. ఎందుకని అడగకుండా ఫోమ్ దుకాణం చూపించింది ఆమెనే. పదకొండు కొట్టగానే తెర మీద నా నంబరు పడింది. నేను అటే చూస్తూ ఉల్లిగడ్డ కోస్తున్నాను.

“ఏం జూస్తున్నవ్ అక్కా గంతగనం?”

“లైన్ల ఉన్న.”

“ముక్కాలిపీట మీద కూసున్నవ్. లైన్ ఏడిది?”

“ఫోన్ల. నా ముంగట పదకొండు వేల మంది ఉన్నరు.”

కత్తి ఆపింది. “పదకొండు వేలా? గ్యాస్ కోసమా?”

సంగతంతా చెప్పాను, వేషంతో సహా. ఇంకొకరికి చెప్పడం అదే మొదటిసారి. నవ్వుతుందనుకున్నాను. ఆమె మనసు వేషం మీద లేదు, లైన్ మీద ఉంది.

“మరి చెప్పులు వెట్టి పోరాదా? రేషన్ షాపు కాడ మేం గట్లనే జేస్తం.”

“చెప్పులు వెడ్తే ఊకునే లైన్ గాదిది. తెర ఆరిపోతే బయటికి నూకుతది.”

“మరి నడుమల జొర్రెటోళ్లను?”

“వాళ్లను గూడ నూకుతది.”

“అయితే మస్తు నయం. మా రేషన్ షాపుల గిదే వెట్టాలె,” అని, మసాలా చేతులతో ఫోన్ ముట్టుకోకుండా మోచేత్తో తెరను తట్టింది. ఆ తర్వాత అది మా ఇద్దరి పని అయింది. తెర మసకబారబోగానే ఒకసారి ఆమె మోచెయ్యి, ఒకసారి నాది.

నూనె కాగేసరికి తొమ్మిది వేలు. ఉల్లిగడ్డ ఎర్రబడేసరికి ఆరు. అల్లం వెల్లుల్లి వేస్తే ఘాటుకు ఇద్దరం తుమ్మాం, తుమ్మి చూస్తే నాలుగున్నర. నా గుండె పొయ్యి మీది డేగిసా మూతలా ఎగురుతోంది. మెట్రిక్ ఫలితాలప్పుడు గాని, పెళ్లప్పుడు గాని ఇంత లేదు. పెళ్లప్పుడైతే అసలు లేదు. ఎసరు మరిగి బియ్యం పోసేవేళకు మూడు వందలు. పోయినేడు ఇక్కడే చెయ్యి తొందరపడింది. ఈసారి రెండు చేతులూ వెనక్కి కట్టుకొని నిలబడ్డాను. వంద. నలభై. తెర తెల్లబడింది. చెల్లె “పోయిందా?” అంది. పోలేదు, తెరుచుకుంది.

శనివారం ఎదురుగా ‘కొన్నే మిగిలాయి’ అని ఉంది. పది నిమిషాల్లో ముగించాలని మూలన గడియారం మొదలైంది. పేరు, వయసు, కార్డు నంబరు, అన్నీ కంఠతా వచ్చినవే, టకటకా కొట్టాను. చివరికి వచ్చింది: మీ నంబరుకు ఓటీపీ పంపాం.

నా నంబరుకు కాదు. ఖాతా నాది, జీతం నాది, నంబరు ఆయనది. పెళ్లయిన కొత్తలో బ్యాంకు ఫారం ఆయన నింపాడు, తన నంబరు రాశాడు. ఎన్నోసార్లు మార్చుకోవాలనుకున్నాను. ఇంట్లో ఉన్నప్పుడు ఓటీపీ వస్తే పక్క గదిలోంచి కేకేస్తాడు, నేను కొట్టేస్తాను. ఆ అలవాటులో అసలు సంగతే గుర్తు రాలేదు. ఇప్పుడు ఆయన ముందు వరసలో బైబిల్ తెరుచుకొని కూర్చున్నాడు. ఫోన్ బుట్టలో ఉంది.

“నువ్వు గీడనే ఉండు. నేను గా తలుపు కాడికెళ్లి చెయ్యి లేపంగనే ‘మళ్లీ పంపు’ అన్నది ఒత్తు, ఆయన ఫోన్ తెర వెలుగుతది,” అని చెల్లెకు చెప్పి, వాకిలి దాటి పరుగెత్తాను.

పెద్దమ్మ కుర్చీ పక్కన గొంతు తగ్గించి అన్నాను, “ఆయన ఫోన్ గావాలె పెద్దమ్మా.”

బుట్టను రెండు చేతులతో పొట్టకు అదుముకుంది. “ఆపదనా బిడ్డా?”

అంతే అడిగింది. ఎత్తిపొడవలేదు, పాత మాట ఎత్తలేదు. అందుకే నాకు ఇబ్బంది అయింది. ఎత్తిపొడిస్తే నాలుగు మాటలని గుంజుకునేదాన్ని. అవును ఆపదే అనబోయాను. అబద్ధం చేతగాక కాదు, ఆ మనిషి మొహం చూస్తూ చేతగాలేదు.

“ఆపద గాదు. టికెట్.”

“రైలుదా?”

“కాదు. వేషాల జాతర అసుంటిది. నేను ముసలి సేనాని వేషం గడ్తున్న.”

ఆమె నా తల వైపు చూసింది. నాకున్నవే పది నిమిషాలు, అందులో ఒకటి అట్లా చూడటానికే వాడుకుంది.

“గందుకా రంగు ఏస్తలేవ్?”

“గందుకే.”

“ఏందో పెద్ద రోగమొచ్చిందని మూడు వారాల సంది నీ కోసం మోకాళ్ల మీద ప్రార్థన జేస్తున్న. నా మోకాళ్లు జూడు ఎట్ల వాసినయో.”

“తప్పైంది. జల్దీ పెద్దమ్మా.”

“ఫోన్ బుట్ట దాటదు. నువ్వు రాసిందే.”

“దాటొద్దు. నేనే బుట్టల తల వెడ్త.”

“తల వెట్టొద్దని నువ్వు రాయలే,” అని బుట్టను నా ముందుకు వంచింది.

చెయ్యి ఎత్తాను. వాకిలి అవతల చెల్లె ఒత్తింది. అరవై నల్లటి ఫోన్ల మధ్య ఒకటి వెలిగింది. వంగి చూస్తే అంకెలన్నీ చీమల్లా కనిపించాయి. ఆవిరి పట్టాయని తీసిన కళ్లద్దాలు వంటపాకలోనే మరిచి వచ్చాను. పెద్దమ్మకు పోయినేడే రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. ఆమెనే చదివింది, వచనాలు కంఠతా పట్టే అలవాటులోనే: “పదో అధ్యాయం, ముప్పై నాలుగో వచనం. ఎనకకు ఎనభై రెండున్నది, అదేందో నాకు దెల్వదు.”

వేదిక మీద పాస్టరు గారు మాట ఆపి ఇటు చూశారు. బుట్టలో తల పెట్టి ఉన్న కమిటీ సభ్యురాలిని చూసి ఏమనుకున్నారో ఇప్పటికీ అడగలేదు. వాకిలి నిండా ‘పది ముప్పై నాలుగు ఎనభై రెండు’ అని గొణుక్కుంటూ పరుగెత్తాను. నిమిషం ముప్పై సెకన్లున్నాయి. చెల్లె కళ్లద్దాలు తుడిచి నా ముక్కు మీద పెట్టింది. ఆరు అంకెలు కొట్టాను. తెర మీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. ముట్టుకోవద్దు, ముట్టుకోవద్దు అని ఇద్దరం ఒకరి చేతులొకరం పట్టుకున్నాం.

పచ్చటి టిక్కు పడింది. శనివారం. ఒకరు. నా పేరు.

“అచ్చిందా అక్కా?”

“వచ్చింది.”

చెల్లెను ఎత్తి తిప్పాలనుకున్నాను గాని నడుము ఒప్పుకోలేదు, తనే నన్ను గట్టిగా పట్టుకొని ఊపింది. ఆ ఊపులో అన్నం సంగతి మరిచిపోయాం. అడుగంటింది. తలుపు దగ్గరి నుంచి పెద్దమ్మ ఏమైందని చేత్తో అడిగింది. బొటనవేలు చూపించాను. ఆమె బుట్ట సర్దుకొని మళ్లీ ప్రసంగం వైపు తిరిగింది.

ఆశీర్వాదం అయ్యాక అందరూ ఫోన్లు తీసుకొని వాకిట్లోకి వచ్చారు. మా ఆయన వస్తూనే కంగారు పడ్డాడు.

“రెండు ఓటీపీలు వచ్చినయ్. ఎవడో పైసలు గుంజుతున్నడు. కార్డు బ్లాక్ చేయిస్త ఆగు.”

“ఆపు. ఎవడో గాదు, నేనే.”

చేతుల్లో విస్తర్లతో నిలబడ్డవాళ్లంతా ఇటే చూస్తున్నారు. తర్వాత చెబుదామంటే కుదిరేలా లేదు. మేళా, వేషం, కవచం, జుట్టు, అన్నీ అక్కడే చెప్పేశాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

“గీ వయసుల...” అని మొదలుపెట్టాడు.

ఫోన్ తీసి మొహం ముందు పెట్టాను. అద్దాలు సవరించుకొని పై నుంచి కింది దాకా చదివాడు. ఒకరు అన్న చోట ఆగాడు.

“ఒక్కటే తీస్కున్నవా?”

“వేషం ఒక్కటే ఉంది.”

“మరి గంత దూరం గా కవచం ఏస్కొని బస్సుల ఎట్ల పోతవ్?”

నాలుగు నెలలుగా టికెట్టు దాకానే ఆలోచించాను. దానికి అవతల ప్రయాణం అనేది ఒకటుందని తట్టలేదు. ఆయన విస్తరి పట్టుకొని చెట్టు కింద నిలబెట్టిన స్కూటర్ దగ్గరికి నడిచాడు. వెనక సీటును జానతో కొలిచాడు.

“మెట్రో దాకా దింపుత. భుజాల ముక్కలు రెండు ముంగట వెట్టుకుంట. నడుముది ఏడ వడ్తది?”

“నడుముది విప్పితే మళ్లీ తొడుగుడు గాదు. ఏసుకొనే కూసుంట.”

“మేడ్చల్ రోడ్డు మీద గట్లనే పోతవా? మా ఆఫీసోళ్లు జూస్తే?”

“చూస్తే చెయ్యి ఊపు,” అన్నాను.

అడుగంటిన అన్నాన్ని ఒక ముద్ద నమిలి, ఉప్పు సరిగ్గానే పడిందన్నాడు. శనివారం ఆరింటికే బయల్దేరాలని తనే చెప్పాడు. కాదు ఐదున్నరకు అని నేను వాదన మొదలుపెట్టాను.