దుప్పటి రెండో కొస

పెద్దాస్పత్రి కింది అంతస్తులో లాండ్రీ ఉంది. అక్కడ పనిచేసే ఒకావిణ్ణి అందరూ మెత్తక్క అనేవారు. గొంతు అంత మెత్తన. పక్కనున్నవాళ్ళు కూడా "ఆఁ?" అని రెండోసారి అడగాల్సిందే. అలాంటి మనిషిని తీసుకెళ్ళి సూపర్‌వైజరు కుర్చీలో కూర్చోబెట్టారు, చూడండి!

అంతకుముందు ఆ కుర్చీలో ఉన్నాయన్ని మైకు అనేవారు. తలుపు దగ్గర కూర్చుని ఆయన ఒక్క కేక వేస్తే వాషింగ్ మెషీన్ల రొద కూడా వినపడేది కాదు. ఆయన రిటైరయ్యాక, పెద్దరికమంటే అరుపేనని అనుకుంది పాపం మెత్తక్క. ఇంట్లో అద్దం ముందు నిలబడి సాధన కూడా చేసింది. భోంచేస్తున్న వాళ్ళాయన అది విని, "నువ్వలా అరిస్తే పిల్లి కూడా లేవదే. పొలమారిందనుకుని నీళ్ళిస్తారు," అన్నాడు.

"ఊరుకోండి, మీకన్నీ వేళాకోళాలే," అని మూతి ముడుచుకుంది గానీ అరవడం మానలేదు.

అసలు ఆవిడ గొప్పంతా చేతుల్లో ఉంది. ఆస్పత్రి దుప్పట్లు పెద్దవి. మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి. చెరో కొస పట్టుకుని, లాగి, దులిపి, ఎదురొచ్చి మడత కలపాలి. ఇన్నేళ్ళలో అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరితోనూ ఆవిడ దుప్పటి పట్టింది. అవతలివాళ్ళు లాగే తీరునుబట్టి ఎవరు ఇంట్లో పోట్లాడి వచ్చారో, ఎవరికి ఒంట్లో బాగాలేదో కనిపెట్టేసేది. మడత కలిపేటప్పుడు "ఏమైంది?" అని అడిగేది. వాళ్ళూ కడుపులో ఉన్నది చెప్పుకునేవాళ్ళు. కుర్చీ ఎక్కాక ఆ పని వదిలేసింది. సూపర్‌వైజరు కూడా మడతలు పెడుతూ నిలబడితే పరువేం కావాలి అనుకుంది.

ఇంతలో దుప్పట్లు మాడడం మొదలైంది. వేడి ఇస్త్రీ రోలరు దగ్గర ఉండేది పిన్ని. ఎవరికీ వరసకి పిన్ని కాదు, అందరూ అలా పిలిచేవారంతే. వయసులో పెద్దది, నోరు ఇంకా పెద్దది. మెత్తక్క పనిలో చేరిన కొత్తలో రోలరు నేర్పింది ఆవిడే. అలాంటి మనిషిని అందరి ముందూ నిలబెట్టి, "కళ్ళెక్కడ పెట్టుకున్నావు పిన్నీ?" అని కేకలేసింది మెత్తక్క. ఎప్పుడూ ఒకటంటే పది అనే పిన్ని, ఆ రోజు తలొంచుకుని అటు తిరిగింది. ఇంటికెళ్ళాక మెత్తక్కకి ముద్ద దిగలేదు.

ఆ తర్వాత మాడిన దుప్పటి ఒక్కటీ కనబడలేదు. అరుపు పనిచేసిందని మురిసిపోయింది. ఎక్కడి మురిపెం! కొన్నాళ్ళకే పై వార్డులో ఒక రోగి పక్కమీద పరిచిన దుప్పటి, మాడి పెళుసెక్కిన చోట పర్రున చిరిగింది. ఫిర్యాదు వచ్చింది. కట్టలన్నీ విప్పి చూస్తే, మాడిన మచ్చ లోపలికి పోయేలా మడతలు పెట్టి ఉన్నాయి. ఒక్కరు చేసింది కాదు. పిన్ని మళ్ళీ తిట్లు తినకూడదని లాండ్రీ అంతా కలిసి చేసింది.

ఆస్పత్రి మేనేజరు మెత్తక్కని పిలిపించాడు. "చూడమ్మా, మిగతావాళ్ళ సంగతి తర్వాత. ఆ పెద్దావిణ్ణి రేపట్నుంచి రావద్దని నువ్వే చెప్పెయ్."

"సాయంత్రందాకా ఆగండి సార్," అని కిందికి వచ్చింది. కుర్చీ వైపు వెళ్ళలేదు. పిన్నికి ఎదురుగా నిలబడి దుప్పటి రెండో కొస అందుకుంది. లాగింది. పిన్ని కొస జారిపోయింది. మళ్ళీ లాగింది. మళ్ళీ జారింది. దుప్పటి చేతిలో ఉందో లేదో కూడా ఆవిడకి తెలియడంలేదని మెత్తక్కకి అర్థమైంది.

"చేతులకేమైంది పిన్నీ?"

"ఏమీ కాలేదు. వెళ్ళి నీ కుర్చీలో కూర్చో."

"ఆ రోజు అందరిలో నిన్ను అలా అనకుండా ఉండాల్సింది. నాదే తప్పు. నా దగ్గర దాచకే."

పిన్ని దుప్పటి వదిలేసింది. "వేళ్ళు మొద్దుబారిపోయాయే. వేడి తెలీదు, గుడ్డ ముడతపడినా తెలీదు. ఇరుక్కుని మాడిపోతోంది. చెబితే పంపించేస్తారు. ఇంట్లో నాకెవరున్నారు? పొద్దస్తమానం గోడలతో మాట్లాడుకోమంటావా?"

మెత్తక్క ఆవిడ రెక్క పట్టుకుని పైకి, డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఇన్నేళ్ళు ఆ ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసిన మనిషి ఒక్కసారి కూడా మెట్లెక్కి చెయ్యి చూపించుకోలేదు, ఏమనాలి! నరాల జబ్బని, మందులు వాడాలని, వేడి దగ్గరికి పోవద్దని డాక్టరు చెప్పాడు.

అక్కణ్ణుంచి నేరుగా మేనేజరు గదికి వెళ్ళింది. ఆవిడ మాట వినడానికి ఆయన బల్లమీదికి వంగాల్సివచ్చింది.

"పిన్నిని పంపను సార్. రోలరు దగ్గర్నుంచి తీసేస్తాను. వార్డుల్లో మన దుప్పట్లు బీరువాల్లో దాచుకుంటున్నారు. మనవాళ్ళు గట్టిగా అడగలేక ఖాళీ బండితో దిగొస్తున్నారు. వాటిని అడిగి తెచ్చే పని పిన్నికిస్తాను."

"ఆవిడ నోటికి నర్సులు పారిపోతారమ్మా!"

"దుప్పట్లు వదిలి పారిపోతే చాలు సార్."

మేనేజరుకి నవ్వాగలేదు. కాసేపటికి ముఖం సరిచేసుకుని, "మళ్ళీ తేడా వస్తే?" అన్నాడు.

"నన్ను పంపెయ్యండి. మాడిన మచ్చలు దాచింది మనవాళ్ళే. కానీ నాకు భయపడి దాచారు. ఇంకొకరికి నేర్పేదాకా రోలరు దగ్గర నేనే నిలబడతాను."

ఆయన సరేనన్నాడు.

పిన్ని వరండాలో బెంచీమీద కూర్చుని ఉంది. తన సంగతి తేలిపోయిందనుకుని కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. మెత్తక్క పక్కన కూర్చుని, ఆవిడ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "రేపు వార్డులకెళ్ళాలి పిన్నీ, గొంతు సవరించుకో," అంది.

పిన్ని మెత్తక్క చేతుల్లో ఉన్న తన చేతికేసి చూసింది.

"నువ్వు చెయ్యి పట్టుకున్నావని చూస్తేనే తెలుస్తోందే," అంది. "కాస్త గట్టిగా పట్టుకో."

మెత్తక్క గట్టిగా పట్టుకుంది.