రోమ్ అద్దెకు ఇవ్వబడును

మా అమ్మాయికి ఆఫీసులో ప్రమోషన్ వచ్చిన ఆదివారం, అన్నాల దగ్గర కూర్చుని మా ఇద్దరికీ ఒక ఆజ్ఞ జారీ చేసింది.

“మీరిద్దరు ఎన్నడన్న ఏడికన్న పోయిండ్రా? యాదగిరిగుట్ట, వేములవాడ తప్ప! ఈసారి యూరప్ పోయి రండి. టికెట్లు, వీసాలు నేను చూసుకుంట. ఊరు మాత్రం మీరే అనుకొని చెప్పాలె.”

మా ఆయనకు పంజాగుట్టలో టైలర్ దుకాణం ఉంది. పెళ్లిళ్ల రోజుల్లో సూట్ల పని మీద కూర్చుంటే తల ఎత్తడు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి అప్పుడొక్క వారం దుకాణం మూసినా ఎవరూ తిట్టుకోరు. వారంలో రానూపోనూ ప్రయాణం తీసేస్తే ఒక్క ఊరికి మించి కుదరదు. ప్యారిస్, వియన్నా, రోమ్ అని మూడు పేర్లు మా ముందు పడేసి అమ్మాయి చేయి కడుక్కుంది.

ఆ మూడింటి మీద మా ఎర్రగడ్డ ఇంట్లో జరిగినంత చర్చ అసెంబ్లీలో కూడా జరిగి ఉండదు. నేను రైతుబజారు నుంచి సొరకాయ పట్టుకొని వస్తుంటే పక్కింటావిడ మెట్ల మీద ఆపి, “ప్యారిస్‌కే పో అక్కా. గా టవర్ కాడ ఫొటో దిగకపోతే నువ్వు యూరప్ పోయినవంటే ఎవరు నమ్ముతరు?” అంది. మా ఆయన వియన్నా అన్నాడు. అక్కడి దర్జీలు కోట్లు బ్రహ్మాండంగా కుడతారని ఎవరో కస్టమర్ చెప్పాడట. సెలవుకు పోయి కూడా జనం వీపుల మీద కుట్లు చూసుకుంటూ తిరిగే మనిషిని ఏమనాలి? నేను పైకి ఏమీ అనలేదు. చివరికి ఆయనే రోమ్ అంటాడని నా నమ్మకం. అనకుండా ఎలా ఉంటాడు? మేము కాపురం పెట్టిందే రోమ్‌లో.

పెళ్లయిన కొత్తలో ఆయన అమీర్‌పేటలో ఒక సేఠ్ దుకాణంలో జీతానికి కుట్టేవాడు. సిరిసిల్ల నేతన్నల ఇంట్లో పుట్టి, మగ్గం వదిలి మిషన్ పట్టిన మనిషి. నేను ఆ పక్క సందులో డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. కోచింగ్ సెంటర్ల కరపత్రాలు టైపు చేయడం, అక్షరదోషాలు దిద్దడం నా బతుకుదెరువు. ఇద్దరం కలిసి గది వెతుకుతూ తిరుగుతుంటే, ఒక నాలుగంతస్తుల మేడ గేటుకు రేకుముక్క వేలాడుతూ కనిపించింది. దాని మీద ఎర్ర పెయింటుతో ‘రోమ్ అద్దెకు ఇవ్వబడును’ అని రాసి ఉంది. ‘రూమ్’ అని రాయబోయి, కొమ్ముదీర్ఘం పెట్టాల్సిన చోట ఓత్వం పెట్టాడు మహానుభావుడు. నేను అక్కడే నిలబడి పడీపడీ నవ్వాను. ఓనరమ్మ బయటికొచ్చి, “ఎందుకు నవ్వుతున్నవ్ బిడ్డా?” అని అడిగితే మాట మార్చేశాను. అచ్చుతప్పు కనిపిస్తే చేయి ఊరుకోని నేను, ఆ ఒక్కదాన్ని మాత్రం దిద్దమని చెప్పలేదు. చెబితే రోమ్ పోయి మామూలు రూమ్ అవుతుంది కదా.

గది డాబా మీద ఉండేది. పైన సిమెంటు రేకులు. మంచం వాలిస్తే తలుపు తెరుచుకునేది కాదు, తలుపు తెరిస్తే స్టవ్ ఆరిపోయేది. నల్లా కింద గేటు దగ్గర, మేము నాలుగో అంతస్తు మీద. ఆయన పొద్దున్నే దుకాణానికి పోయేవాడు, నీళ్లేమో ఆయన పోయాక వచ్చేవి. బిందె నడుముకెత్తుకుని మెట్లెక్కేది నేనే. ‘ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం’ అని నన్ను నేనే వెక్కిరించుకునేదాన్ని. ఎండాకాలం దుప్పటి తడిపి తలుపుకు కట్టేవాళ్లం. అది ఆరేలోపు నిద్ర పడితే అదృష్టం.

అయినా నాకు గుర్తున్నది ఎండ కాదు. సాయంత్రం ఆయన మిర్చీలు పొట్లం కట్టించుకుని వస్తే, పిట్టగోడ మీద మోచేతులాన్చి ఇద్దరం కిందికి చూస్తూ తినేవాళ్లం. క్లాసులు వదిలేవారు. ఫైళ్లు గుండెకు హత్తుకుని సందుల నిండా పిల్లలు నడిచేవారు. ఎవరికి ఉద్యోగం వస్తుందో, ఎవరు తిరిగి ఊరికి పోతారో వాళ్ల నడక చూసి పందెం వేసుకునేవాళ్లం. నేను టైపు చేసిన కరపత్రాలే వాళ్ల కాళ్ల కింద నలుగుతుంటే నాకు గర్వంగా ఉండేది. ఎక్కడుంటున్నావని సెంటర్లో ఎవరైనా అడిగితే ‘రోమ్‌లో’ అని చెప్పేదాన్ని. అమ్మాయి కడుపున పడ్డాక ఎర్రగడ్డకు మారాం. ఆ మేడ కూలిపోయి, ఇప్పుడక్కడ అద్దాల హాస్టల్ లేచింది. అయినా మెట్రోలో అమీర్‌పేట వస్తోందంటే ఈరోజుకీ నేను కిటికీ వైపు జరుగుతాను.

ట్రావెల్ ఆఫీసు పంజాగుట్టలోనే, మా దుకాణానికి దగ్గరే. ఒక మధ్యాహ్నం నేను మెట్రోలో అక్కడికి పోయాను. ఆయన మెడలో టేపుతోనే వచ్చి కూర్చున్నాడు. ఆఫీసులో ఉన్న అమ్మాయి కంప్యూటర్ తెర మా వైపు తిప్పి, ఒక్కో ఊరి ఫొటోలు చూపించింది. ఎక్కడ శాకాహారం దొరుకుతుందో, ఎక్కడ ఎంత నడవాలో ఓపిగ్గా చెప్పింది. అంతా విని ఆయన చాలా మామూలుగా అన్నాడు.

“రోమ్ ఒక్కటి వద్దమ్మా. మిగిలిన రెండిట్ల ఏదైనా సరే.”

నాకు చెంపమీద కొట్టినట్టయింది. ఆ అమ్మాయి ముందు ఏమీ అనలేక, “చాయ్ తాగొస్తం” అని లేచాను.

ఇరానీ హోటల్లో రెండు చాయ్‌లు వచ్చేదాకా కూడా నేను ఆగలేదు. “రోమ్ మీకేం పాపం చేసింది?” అని అడిగాను.

ఆయన టేపును వేలికి చుట్టుకున్నాడు. “గా పేరు వింటె నాకు మీ అమ్మ యాదికొస్తది,” అన్నాడు.

“మా అమ్మనా?”

“ఒక ఎండాకాలం మనింటికొచ్చింది చూడు. నువ్వు నీళ్లకని కిందికి పోయినవ్. ఆమె జరసేపు రేకుల దిక్కు చూసింది. తర్వాత నా దిక్కు చూసి, ‘మా ఇంట్ల బర్రెకు సుత ఇంతకన్న మంచి నీడ ఉంటది బిడ్డా’ అన్నది. కోపంగ అంటే నేను సుత ఏదో అందును. మెల్లగన్నది. గందుకే ఇంకా లోపల్నే ఉన్నది.”

మా అమ్మ పోయి ఏళ్లయింది. ఆమె ఆ మాట అన్నదని నాకు ఆ హోటల్లో కూర్చునేదాకా తెలియదు. అప్పుడు ఇంకో సంగతి తట్టింది. ఇన్నేళ్లలో ఆ గదిని ఆయన ‘రోమ్’ అనగా నేను వినలేదు. ‘పైన రూమ్’ అనేవాడు, లేకపోతే ‘అమీర్‌పేట ఇల్లు’ అనేవాడు. నేను రోమ్ అన్నప్పుడల్లా నవ్వి ఊరుకునేవాడు. ఊరంతటి అచ్చుతప్పులు పట్టే నా కళ్లకు, పక్కనున్న మనిషి ఒక మాటను దాటేసుకుంటూ పోవడం కనిపించలేదు.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకు?” అన్నాను. “ఎండల పడ్డది నేను, మెట్లెక్కింది నేను. నాకే లేని బాధ మీకేంది?”

“నా మనసు చిన్నబోవద్దని గట్లంటున్నవ్.”

అప్పుడొచ్చింది నాకు నిజమైన కోపం. నీ జీవితంలో మంచి రోజులేవని ఎవరడిగినా నేను ఆ రేకుల గదినే చెబుతాను. ఆ రోజులు తెలిసిన మనిషి ఈ లోకంలో ఇంకొక్కడే ఉన్నాడు. ఆయనకు అవి సిగ్గుపడే రోజులైతే, వాటిని నేను ఇన్నాళ్లూ ఒక్కదాన్నే దాచుకున్నట్టు కాదా? ఆ మాటే గట్టిగా అనేశాను. పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూశారు.

“మరి ఎర్రగడ్డకు మారిన్నాడు ఆటోల గంతగనం ఎందుకేడ్చినవ్?” అన్నాడు ఆయన. “ఆ కష్టం తప్పిందని సంబురానికి ఏడుస్తున్నవనుకున్న.”

“పిచ్చి మనిషీ! ఆ గది ఇడిసిపెట్టి వస్తున్నందుకు ఏడ్చిన.”

ఆయన సాసర్‌లో పోసుకున్న చాయ్ తాగకుండా అలాగే కింద పెట్టాడు. చాయ్ మీద మీగడ కట్టింది.

తిరిగి ట్రావెల్ ఆఫీసుకు పోయాక ఆ అమ్మాయి, “ఏది ఫైనల్ ఆంటీ?” అని అడిగింది. నేనే వియన్నా అన్నాను. నలిగిపోయిన మనిషిని చేయి పట్టి రోమ్ వీధుల్లో తిప్పి నేనేం సాధిస్తాను? కోట్లు కుట్టేవాళ్లనైనా చూసుకుంటాడు పాపం. నాకు బాధగానే ఉంది, దాచుకోను. ఆయన అభ్యంతరం చెప్పలేదు, సంతోషమూ చూపించలేదు. పాస్‌పోర్టుల జిరాక్సులు ఇచ్చేసి బయటికొచ్చాం.

దుకాణానికి పోతాడనుకుంటే, నన్ను దిగబెట్టడానికి మెట్రో స్టేషన్ దాకా వచ్చాడు. ఫ్లైఓవర్ కింద బండ్లు కదలక హారన్లు మోగుతున్నాయి. మెట్లు సగం ఎక్కాక ఆయన కమ్మీ పట్టుకుని ఆగిపోయాడు. మోకాళ్ల నొప్పేమోనని నేనూ ఆగాను.

“నాకు సుత మంచిగనే ఉండె,” అన్నాడు.

ఆ రొదలో నాకు సరిగా వినపడలేదు. “ఏంది?” అన్నాను.

“పైన రూమ్‌ల. మస్తు మంచిగుండె నాకు. దుకాణంల కూసుంటె ఎప్పుడు పొద్దుగూకుతదా, ఎప్పుడు పైకొస్తనా అని పానం కొట్టుకునేది.”

“మరి ఇన్నేండ్లు ఒక్కసారన్న ఎందుకు చెప్పలే?”

ఆయన నా వైపు చూడలేదు. కింద ఆగిన బండ్ల వైపు చూస్తూ అన్నాడు.

“నువ్వు నాలుగంతస్తులు బిందె మోస్తుంటివి. నాకు మంచిగున్నదని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?”