గంజు పట్టిన బండి

2023 వానాకాలం. మొయినాబాద్ మెయిన్ రోడ్డు మీద ఒక కార్ల షోరూంలో సేల్స్ చూసేదాన్ని. మా కంపెనీ బండ్లన్నీ అక్కడ వరసగా ఉండేవి. వెనక తలుపు పైకి లేచే పొట్టి బండి హ్యాచ్‌బ్యాక్. వెనక డిక్కీ విడిగా ఉన్నది సెడాన్. ఎత్తుగా ఉండి గుంతలకు జంకనిది ఎస్‌యూవీ. మూడు వరసల సీట్లున్నది ఎంపీవీ. వచ్చినవాళ్ల చూపు ఎక్కువగా ఎస్‌యూవీ మీదే ఉండేది. ఊళ్లో దర్జా దానిదే మరి.

ఒకరోజు ముడిమ్యాల నుంచి యాదమ్మ, ఆమె కోడలు లావణ్య ఆటోలో వచ్చారు. యాదమ్మ ఏళ్ల తరబడి అజీజ్‌నగర్ ఫామ్‌హౌసుల్లో వంటమనిషి. ఈ మధ్యే సొంతంగా వంట ఆర్డర్లు పట్టడం మొదలుపెట్టింది. ఇంట్లో వండి కిరాయి ఆటోలో తీసుకెళ్లేది. ఒక విందుకు ఆటో ఆలస్యంగా వచ్చింది, పైగా గుంతల్లో పప్పుచారు సగం ఒలికిపోయింది.

"ఇంకోపారి గట్లయితే నా పేరు ఖరాబయితది చెల్లె. మళ్ల ఒకరి వంటింట్లకే పోవాలె. లావణ్య బండి నడపనేర్చింది. పెద్ద డిక్కీ ఉన్న బండి చూపెట్టు."

డిక్కీ అనగానే సెడాన్ దగ్గరికి తీసుకెళ్లి, ఎన్ని లీటర్ల జాగానో చెప్పి ఊదరగొట్టాను. ఆమె ఓపిగ్గా విని, బయటికెళ్లి కోడలితో కలిసి ఆటోలోంచి బగార అన్నం వండే పెద్ద గంజు దించుకొచ్చింది. గాజు గదిలో మా మేనేజర్ లేచి నిలబడ్డాడు. కొత్త బండికి గీత పడుతుందని ఆయన భయం.

గంజు డిక్కీ నోట్లోనే ఆగిపోయింది.

"లోపల ఇల్లంత జాగున్నది గని, దర్వాజనే చిన్నగున్నది," అంది యాదమ్మ.

అప్పుడు అర్థమైంది. మాకు డిక్కీ అంటే మూతున్న పెట్టె, ఆమెకు బండి వెనక భాగమంతా డిక్కీనే. హ్యాచ్‌బ్యాక్‌లో వెనక సీటు మడిస్తే గంజు పట్టింది.

"మరి వడ్డించేటోళ్లు ముగ్గురొస్తరు. వాళ్లను నెత్తిమీద కూసోవెట్టుకోవాల్నా?" అంది యాదమ్మ.

ఎస్‌యూవీ వెనక అంచు నడుము దాటింది. అంతెత్తుకు కాగే గంజు ఎత్తితే చేతులు కాలుతాయంది లావణ్య. ఎంపీవీ వైపు నడిస్తే యాదమ్మ నవ్వింది.

"ఏడు సీట్లెందుకు చెల్లె, టూర్‌కు పోతున్నమా?"

"జర చూడక్కా," అని చివరి వరస మడిచాను. అంచు కిందికే ఉంది. గంజు సాఫీగా లోపలికి జారింది. పక్కన ఇంకో గంజుకు చోటు మిగిలింది, ముందు రెండు వరసల్లో ఐదుగురు కూర్చోవచ్చు.

"గిదే గద నేను జెప్పిన డిక్కీ. ఊరంత తిప్పి ఇంటికాడికి తెచ్చినవ్."

నాకూ నవ్వాగలేదు. ఆ నెలాఖరుకు బండి ముడిమ్యాల చేరింది.

అప్పటినుంచి ఎవరొచ్చినా ఏ బండి కావాలని అడగడం మానేశాను. ఎవరెక్కుతారు, ఏమెక్కిస్తారు అనే అడుగుతాను. దాంతోనే సగం బేరం తేలుతుంది.

కొన్నాళ్లకు యాదమ్మ ఫోన్ చేసింది. చందనవెల్లిలో ఒక ఫ్యాక్టరీ విందుకు అన్నం పొగలు పోకముందే చేర్చిందట. వంట బాగుందని అక్కడొక పెద్దమనిషి ఆమెను పలకరించాడట.

"ఎవరి దగ్గర పన్జేస్తవమ్మా అని అడిగిండు చెల్లె," అంది. "నా దగ్గర్నే జేస్త అని జెప్పిన."