నాగమ్మకు నీళ్లు తగ్గించిన వేసవి

1982లో ఆదోనిలోని ఒక ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డులో నేను ఆయాను. మా పైన స్టాఫ్ నర్సు, ఆమె పైన డాక్టరు. రోగి తాగిన నీళ్లు, పోసిన మూత్రం కొలిచి చెప్పడం మా పనుల్లో ఒకటి. నాకప్పటికి అక్షరాలు రావు. అవి యాభై దాటాక నేర్చుకున్నాను. కొలతలు నోటితోనే నర్సమ్మకు అప్పజెప్పేదాన్ని.

ఆ వేసవిలో కోసిగి నుంచి నాగమ్మ అనే ఆమెను అత్త రైల్లో తీసుకొచ్చింది. ముఖం, కాళ్లు ఉబ్బాయి. గొంతు బొంగురు. అంత ఎండలోనూ దుప్పటి వదలదు. పిలిస్తే ఎంతసేపటికో పలుకుతుంది. ఒంటికి నీరు పట్టిందని ఇంట్లో ఉప్పు మాన్పించి చప్పిడి పథ్యం పెట్టారు. నీరు దిగాలని చెంబులకొద్దీ బార్లీ నీళ్లు తాగించారు. చేరిన మర్నాడే ఆమెకు ఫిట్స్ వచ్చాయి.

డాక్టరమ్మ నన్ను పిలిచి నాగమ్మ కాలు బొటనవేలితో నొక్కమన్నారు. గుంట పడలేదు. నీరు పట్టిన కాలైతే పడుతుందట. గొంతులోని థైరాయిడ్ గ్రంథి మందగిస్తే ఇలా ఉబ్బుతారని, అప్పుడు మూత్రపిండాలు అదనపు నీటిని బయటికి పంపలేవని చెప్పారు. పరీక్షకు నెత్తురు కర్నూలుకు పంపి, ఫలితం రాకముందే గాఢమైన ఉప్పు సెలైను కొద్దిగా ఎక్కించారు. తాగే నీళ్లు తగ్గించమన్నారు.

నేను బార్లీ చెంబు తీసేస్తే అత్త అడ్డం పడింది. “గుక్కెడు నీళ్లు ఇయ్యకుండా సంపుతారా దీన్ని?”

డాక్టరమ్మ ఆమె పక్కన కూర్చున్నారు. “పప్పులో నీళ్లెక్కువైతే ఏమవుతుందమ్మా?”

“సప్పగైతాది.”

“నీ కోడలి నెత్తురు అట్లా అయింది. ఫిట్స్ అందుకే వచ్చాయి.”

“అట్లయితే పిడికెడు ఉప్పు నోట్లో పోస్తే సరిపాయె గదా.”

ఒంట్లో ఉప్పు ఒక్కసారిగా పెరిగితే మెదడు దెబ్బతింటుందని, మెల్లగా పెరగాలని ఆవిడ ఓపికగా చెప్పారు. అప్పటినుంచి అత్తే నీళ్ల కూజా ఒడిలో పెట్టుకుని కూర్చుంది. మేం కొలిచి ఇచ్చింది తప్ప చుక్క పోయలేదు.

కర్నూలు నుంచి వచ్చిన ఫలితంలో హార్మోనూ తక్కువే, ఉప్పూ తక్కువే. థైరాయిడ్ మాత్ర చిన్న మోతాదుతో మొదలుపెట్టారు. కొన్ని వారాలకు నాగమ్మ లేచి కూర్చుని, “అత్తా, ఆ సప్పిడి కూడు ఇంగ నువ్వు తినుపో. నాకు పప్పు ఎయ్యి” అంది.

“గొంతు లేసింది సూడు. ఇంగ నన్ను బతకనీదు” అని ముసలామె నా వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

చదువురాని మా ఇద్దరికీ కూర్చుని చెప్పిన ఆ డాక్టరమ్మకు నేను రుణపడి ఉన్నాను. ఆ తర్వాత నా ఉద్యోగమంతా రోగి ఇంటివాళ్లకు ఏం చేయకూడదో చెప్పేముందు ఎందుకో చెప్పాను. కారణం తెలిసినవాళ్లకు కాపలా అక్కర్లేదు.